బావ చెప్పిన దిగుడు

మా బావ ఇరవై రెండేళ్లు దుబాయ్‌లో సైకిల్ తొక్కాడు. తొక్కాడంటే క్యాంపు నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి క్యాంపుకి. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో అది మహా అయితే రెండు కిలోమీటర్లు. ఆ రెండు కిలోమీటర్లలో ఒక ఎత్తు లేదు, ఒక పల్లం లేదు. పైగా ఎప్పుడూ రాంగ్ సైడులోనే పోతాడు. ఎందుకని అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఎన్కకెళ్లి అచ్చి గుద్దితే గుద్దినోడు ఎవడో సుత తెల్వది. ముంగటికెళ్లి అస్తే మొకమన్న సూస్తం గదా."

అలాంటి మనిషిని నేను మా ముదీర్, అంటే మా మేనేజర్ ముందు నిలబెట్టి, కొండలోయల్లో సైకిల్ యాత్రలకు దారి చూపడానికి ఇంతకన్నా పనికొచ్చేవాడు ఈ దేశంలో దొరకడని చెప్పాను.

నేను పనిచేసేది సైకిళ్ల దుకాణంలో. సైకిళ్లు అమ్ముతారు, అద్దెకిస్తారు, శని ఆదివారాల్లో జనాన్ని హత్తా వైపు కొండల్లోకి తీసుకెళ్లి తొక్కిస్తారు. నేను స్టోర్ కీపర్‌ని. ట్యూబులు, చైన్లు, బ్రేక్ ప్యాడ్లు నా రాజ్యం. నాకు సైకిల్ తొక్కే అవసరం లేదు, ఆ కోరికా లేదు. మా ముదీర్ మలయాళీ, మాతో హిందీలో మాట్లాడతాడు. కరోనా తర్వాత ఆఫీసు జనానికి సైకిల్ పిచ్చి పట్టింది. రెండు వేల ఇరవై రెండులో సెలవులు శని ఆదివారాలకు మారేసరికి ఆ పిచ్చి ఇంకా ముదిరింది. పాత దారులన్నీ తొక్కేశాం, కొత్తది చూపించమని వాళ్లు ముదీర్ ప్రాణం తీస్తున్నారు.

సరిగ్గా అప్పుడే బావ పనిచేసే అల్యూమినియం ఫ్యాక్టరీ మూతబడింది. వీసా రద్దయింది. ఇంకోచోట పని దొరక్కపోతే దేశం వదిలిపోవడానికి పంతొమ్మిది రోజులు మిగిలాయి. ఇంటికి పోవడానికి ఆయనకేమీ అభ్యంతరం లేదు, నెల రోజులకైతే. అంతకు మించి ఉంటే ఏం చేయాలో తోచక, ఎదురింటి వాళ్ల గోడకు కూడా సిమెంటు పూసి వస్తాడు. చిన్న కూతురు నర్సింగ్ చదువు ఇంకా రెండేళ్లు మిగిలింది. అందుకని అక్క రోజూ ఫోన్ చేసేది. "మీ బావకు ఏదన్న సూడురా తమ్మీ. ఇప్పుడే అస్తే పిల్ల సదువు నడిమిట్ల ఆగుతది."

నేను ముదీర్‌కు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఫ్యాక్టరీలో చేరక ముందు బావ ఒక రోడ్డు కంపెనీలో రెండేళ్లు చేశాడు. హత్తా దాటాక ఒక లోయలో పడిన రోడ్డుకు కెర్బ్ రాళ్లు పెట్టిందీ, వాన నీళ్లు పోవడానికి రోడ్డు కింద మోరీలు కట్టిందీ వాళ్ల గుంపే. తర్వాత పెద్ద హైవే పక్క నుంచి వచ్చింది. పాత రోడ్డుకు రెండు కొసల్లో సిమెంటు దిమ్మెలు అడ్డంపెట్టి బండ్లు ఆపేశారు. ఇప్పుడు అందులో తిరిగేవి మేకలే. బండ్లు లేని కొండరోడ్డు అనగానే ముదీర్ కళ్లు పెద్దవయ్యాయి. ఆ రోడ్డు వేసిన మనిషే తన ఎదుట ఉన్నాడనగానే ఇంకా పెద్దవయ్యాయి.

"ఫోన్లు వద్దు, మ్యాపులు వద్దు," అన్నాడు. "రోడ్డు వేసినవాడు చెప్పిన దారి కాగితం మీద రాసి గెస్టుల చేతికిద్దాం. వచ్చే శనివారం ఒక ట్రయల్. వాళ్లు సంతోషపడితే ఇతనికి వీసా."

ముందొకసారి వెళ్లి చూసి వద్దామా అని అడిగినవాడు లేడు. ముదీర్ కంప్యూటర్‌లో ఉపగ్రహం తీసిన బొమ్మ చూశాడు. పైనుంచి చూస్తే కొండైనా పల్లమైనా ఒకటే. బావను అడిగితే, "నేను ఏసిన రోడ్డు నాకే సూపెడతవా" అన్నాడు. దూరపు కొండలు నునుపు అనే సామెత మా ముగ్గురికీ వచ్చు, ఆ వారం మాత్రం గుర్తుకు రాలేదు.

కాగితం మా రూములో తయారైంది. బావ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని చెబుతుంటే నేను ఇంగ్లీషులో టైపు చేశాను.

"రాయి. మొదలు క్యాంపు. ఆడికెళ్లి రెండు కిలోమీటర్లు సాపు. అటెన్క ఒకటో నంబర్ మోరీ. ఇగ దిగుడు షురూ. ఐదో మోరీ కాడ మా రోలర్ బోర్ల వడ్డది."

"రోలర్ ముచ్చట ఎందుకు బావా?"

"రాయి, గది శాన ముఖ్యం. మూడొద్దులు పని బందున్నది. పద్నాల్గో మోరీ దాక దిగుడే దిగుడు. అటెన్క ఊరు దాక సాపు."

నేను రోలర్‌ను తీసేశాను. ముదీర్ చదివి, మనుషుల కథలుంటే గెస్టులకు ఇష్టమని మళ్లీ పెట్టించాడు. మిగతాదంతా బావ చెప్పిన వరసలోనే ఉంచాను. యాత్ర రోడ్డు కొసనున్న ఊరి వైపు నుంచి మొదలవుతుందని నాకు తెలుసు, బావకూ తెలుసు. ఆ కాగితం మాత్రం కొండమీద అప్పట్లో వాళ్ల గుంపు ఉన్న క్యాంపు దగ్గర మొదలైంది. వాళ్లు రోడ్డును వేసింది అక్కణ్ణుంచి కిందికి కాబట్టి, సున్నా కిలోమీటరు ఆయన బుర్రలో శాశ్వతంగా అక్కడే ఉండిపోయింది. నడిచేవాడికి రోడ్డు ఎటో ఒకవైపు పోతుంది. వేసినవాడికి అది ఎటూ పోదు, అక్కడే పడి ఉంటుంది. ఇంత తత్వం నాకు ఆ తర్వాత బోధపడింది. అప్పుడు మాత్రం ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, భలే ఉందని మురిసిపోయాను.

ఇక బావను సైకిల్ మనిషిగా మార్చడం మిగిలింది. దుకాణం సైకిల్‌కు ఇరవై రెండు గేర్లు. ఆయన కాసేపు కిందా మీదా చూసి, ఒకదాంట్లో పెట్టి, "నాకు గిదొక్కటి సాలు, మిగిలినయి స్టోర్ల దాసుకో బామ్మర్ది" అన్నాడు. వెనక మెత్త కుట్టిన సైకిల్ నిక్కరు చూపిస్తే దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. అది వేసుకుని ఫొటో దిగితే అక్కకు పంపుతానని నేను బెదిరించాను. చివరికి దాని మీద ప్యాంటు తొడిగాడు. నెత్తికి రుమాలు చుట్టి, దాని మీద హెల్మెట్ పెట్టాడు. చూడబోతే చెరువుకు పోయే పెద్దమనిషిని ఎవరో యుద్ధానికి పంపుతున్నట్టుంది. ఆ మాట ఆయనతో కూడా అన్నాను. "నువ్వు స్టోర్ల కూసున్నంక మాలాంటోళ్లమే గదరా యుద్ధానికి పోవాలె," అన్నాడు.

శనివారం పొద్దున ఆరున్నరకు ఊరి వైపు దిమ్మెల దగ్గర ఆరుగురు గెస్టులు దిగారు. రిటైరైన ఒక తెల్ల టీచరమ్మ, చేతికి, సైకిల్‌కు, ఛాతీకి తలా ఒక యంత్రం కట్టుకున్న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ అబ్బాయి, ఒకే బ్యాంకులో పనిచేసే నలుగురు. ప్రతి సైకిల్‌కూ రెండేసి నీళ్ల సీసాలు. బావ వాటిని చూసి నవ్వాడు. దిగుడే కదా, ఇంత బరువెందుకు మోయడం అని, ఒక్కో సీసా తీయించి నా వ్యాన్‌లో పెట్టించాడు. రోడ్డు వేసినవాడి మాట. ఎవరూ ఎదురు చెప్పలేదు.

వాళ్లు లోయలోకి వెళ్లారు. నేనూ ముదీరూ వ్యాన్‌లో హైవే మీదుగా చుట్టు తిరిగి రెండో కొసకు వెళ్లాం. గుడ్లు, అరటిపళ్లు, పెద్ద ఫ్లాస్కులో కరక్ చాయ్, ఏడు సీసాల నీళ్లు మా దగ్గరే. దారిలో నా చెవులు రెండుసార్లు దిమ్మెక్కాయి. జలుబనుకున్నాను.

దిగి చుట్టూ చూస్తే నేల చదునుగానే ఉంది, రోడ్డు దూరంగా ఒక మలుపు దాకా సాఫీగా పోయి కనపడకుండా పోయింది. పక్కనే పాత సిమెంటు గచ్చులు వరసగా ఉన్నాయి. నీళ్ల ట్యాంకు నిలబెట్టే ఇనుప కాళ్లు తుప్పుపట్టి ఉన్నాయి. ఇక్కడేముండేదబ్బా అని రెండు నిమిషాలు ఆలోచించాను. క్యాంపు. జేబులోంచి కాగితం తీశాను. మొదలు క్యాంపు. చెవులు దిమ్మెక్కింది జలుబుతో కాదు, వ్యాన్ కొండెక్కడంతో. వాళ్లు చేరవలసిన చోట నేను నిలబడి ఉన్నాను, కాగితం అక్కడ మొదలవుతోంది. అంటే దిగుడంతా ఎక్కుడు. ఆ ఎక్కుడులో ఎనిమిది కిలోమీటర్ల పొడుగునా ఏడుగురు మనుషులు, తలా ఒక సీసా. వాళ్ల రెండో సీసాలు నా వ్యాన్‌లో.

ముదీర్‌కు చెప్పలేదు. ఎనిమిదికి రావలసినవాళ్లు తొమ్మిదైనా రాకపోతే పంక్చరు పడి ఉంటుందన్నాను. తొమ్మిదిన్నరకు రెండో పంక్చరు వేశాను. లోయలో ఫోన్లు పనిచేయవు. మార్చి నెలే అయినా ఆ రాళ్ల మధ్య ఎండ పదికల్లా మాడు మీద కూర్చుంటుంది. పది దాటాక ఆగలేక నీళ్ల పెట్టె భుజానికెత్తుకుని, కాస్త చూసొస్తానని చెప్పి బయల్దేరాను. కిలోమీటరు నడిచేసరికి చొక్కా తడిసిపోయింది. ఎవరు ఏ బండ పక్కన పడిపోయి ఉంటారో, అక్కకు ఏం చెప్పాలో, వరసగా అన్నీ తలుచుకుంటూ నడిచాను.

మలుపులో వాళ్లు ఎదురొచ్చారు. నవ్వుకుంటూ వస్తున్నారు. టీచరమ్మ సైకిల్‌కు ముల్లంగి కట్ట వేలాడుతోంది. నా భుజం మీది పెట్టెను చూసి ఇంకా నవ్వారు.

జరిగింది దారిలో తలా ముక్క చెప్పారు. మొదటి మోరీ దగ్గరికి వచ్చేసరికి దాని సిమెంటులో పద్నాలుగు అని ఉందట. బావ సైకిల్ ఆపి ఆ అంకెను చేత్తో తుడిచి మళ్లీ చూశాడట. అక్కణ్ణుంచి ఎక్కుడు. సాఫ్ట్‌వేర్ అబ్బాయి చేతి యంత్రం ఎక్కుతున్నావని కూస్తుంటే, కాగితం దిగుతున్నావంటోందని అతను మూడు కిలోమీటర్లు కాగితాన్నే నమ్మాడట. పదో నంబర్ మోరీకి సీసాలు ఖాళీ. బ్యాంకు మనిషొకడు రోడ్డు మీద కూలబడ్డాడు. అప్పుడు బావ సైకిల్ దిగి, రండని అందరినీ రోడ్డు పక్కన రాళ్ల బాటలో నడిపించుకుపోయాడు. లోపల ఖర్జూర తోట ఉంది, దాని మధ్యలోంచి రాతి కాలువ. రోడ్డు పనిచేసిన రోజుల్లో వాళ్లు నీళ్లు తాగింది అక్కడే. కాపలా పఠాన్ కొత్తవాడు, నీళ్లు పాతవే. అందరూ తాగి, కాళ్లు కాలువలో పెట్టుకుని, ఎండు ఖర్జూరాలు తిని, చెట్ల కింద అరగంట నిద్రపోయి, పఠాన్ ఇచ్చిన ముల్లంగి పట్టుకుని మిగతా కొండ తాపీగా ఎక్కారు.

బావ మాత్రం అందరికన్నా వెనక ఉన్నాడు. హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించి, సైకిల్‌ను నడిపించుకుంటూ వస్తున్నాడు. నావైపు చూడలేదు.

వ్యాన్ దగ్గర టీచరమ్మ మా ముదీర్ చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఇన్నేళ్లలో ఇంత మంచి యాత్ర చేయలేదట. కాగితంలో దిగుడని రాసి ఎక్కించడం ఎంత కొంటె ఆలోచన, ముందే చెబితే తాను అసలు వచ్చేదే కాదు అంది. బ్యాంకు వాళ్లు కూడా తలలూపారు. కూలబడినవాడు అందరికన్నా గట్టిగా ఊపాడు. ముదీర్ ముఖం వెలిగిపోయింది.

"సూపర్. ఇదే కాగితం, ఇలాగే, ఒక్క అక్షరం మార్చొద్దు. వంద కాపీలు తీయి," అన్నాడు నాతో. తర్వాత బావ వైపు తిరిగి, "పాస్‌పోర్ట్ కాపీ ఉందా?" అన్నాడు.

ఆ నిమిషం నాకు బాగా గుర్తుంది. ముదీర్ వెనక నిలబడి నేను బావకు సైగ చేశాను. మామూలు సైగ కాదు. కళ్లు పెద్దవి చేసి, అరచేత్తో నోరు మూసుకుని చూపించాను. పంతొమ్మిది రోజుల్లో అప్పటికి పన్నెండు మిగిలాయి. బావ నన్ను చూశాడు. తర్వాత ముదీర్‌ను చూశాడు.

"ఐడియా గాదు సాబ్, తప్పు," అన్నాడు తన హిందీలో. "నేను కొండ మీదికెళ్లి కిందికి చెప్పిన. వీళ్లు కిందికెళ్లి మీదికచ్చిండ్రు. నాకు సోయి లేకుండె."

టీచరమ్మ ముల్లంగి కట్ట విప్పుతున్నదల్లా ఆగింది. ముదీర్ ఒక్కటే అడిగాడు. "రెండో సీసాలు ఎవరు తీయించారు?"

"నేనే సాబ్."

ముదీర్ అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఖలాస్," అని వ్యాన్ ఎక్కి కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో బావ వెనక సైకిళ్ల మధ్య కూర్చున్నాడు. దుకాణం దగ్గర దిగాక ముదీర్ కారు తాళం తీస్తూ, "కాగితం సరిగ్గా రాసి సోమవారం ఇవ్వండి. మిగతాది తర్వాత," అన్నాడు. ఆ తర్వాత అనే మాటకు దుబాయ్‌లో సాధారణంగా ఏం అర్థమో మాకిద్దరికీ తెలుసు.

ఆదివారం ఒక దోస్తు కారు అడిగి తీసుకుని మళ్లీ లోయకు పోయాం. ఈసారి సైకిల్ లేదు. మొత్తం దారి కింది నుంచి పైకి నడుస్తానన్నాడు బావ. జేబులో చిన్న నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు, భుజానికి నాలుగు సీసాల నీళ్ల సంచి. ప్రతి మోరీ దగ్గర ఆగి రాసుకుంటున్నాడు. చదును భాగం దాటి మొదటి మూడు మోరీల దాకా నేనూ పక్కనే నడిచాను. నోరు ఊరుకోలేదు.

"సైగ జేసిన గదా బావా. కనవడలేదా?"

"కనవడ్డది."

"మరి? దొర పాస్‌పోర్ట్ అడుగుతుంటే, నేనే దొంగనని ముంగటికి పోయి చెయ్యి సాపుతవా? వాళ్లకు మంచిగనే అనిపిచ్చింది గదా. నీకేం నొప్పి?"

బావ పన్నెండో మోరీ అంచున కూర్చున్నాడు. చెమట తుడుచుకున్నాడు. నా మీద కోపం లేదు, అది నాకు ఇంకా చిరాగ్గా ఉంది.

"నేను ఎంబడి ఉన్న కాబట్టి తోట దొరికింది," అన్నాడు. "అచ్చే వారం నాకు కాళ్లు నొచ్చి రాకపోతె? కాగితం ఒక్కటే పోతది. వంద కాగితాలు దీయి అన్నడు గదా సాబ్. అండ్ల దిగుడని ఉంటది. నీళ్లు ఇడిసిపెట్టి ఎక్కుతరు."

చెవి మీది పెన్సిలు తీసి నోటుబుక్కులో పన్నెండు అని రాసుకున్నాడు.

"వీసా లేకపోతె నేను ఇంటికి వోత, గంతే. నీళ్లు లేకపోతె వాళ్లు యాడికి వోతరురా?"

అని, లేచి, పదకొండో మోరీ వైపు ఎక్కడం మొదలుపెట్టాడు. నాకు సిగ్గేసింది. నిన్న క్యాంపు గచ్చుల దగ్గర తప్పు ముందుగా తెలుసుకున్నవాణ్ణి నేనే, పంక్చర్లు కల్పించిందీ నేనే. ఆ ఎక్కుడులో కూలబడినవాడు లేవకపోయి ఉంటే అని ఒక్కసారైనా అనుకున్నానా అంటే, అనుకున్నాను. అనుకుని కూడా, ముదీర్ నవ్వగానే మర్చిపోయాను. కారు దగ్గరికి వెనక్కి నడుస్తుంటే ఇదే మాట బుర్రలో తిరిగింది.

నేను కారులో చుట్టు తిరిగి పాత క్యాంపు దగ్గర కూర్చున్నాను. బావ మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. సంచిలో ఒక్క చుక్క నీళ్లు లేవు. వచ్చిన వెంటనే గచ్చు మీద వెల్లకిలా పడుకుని, "ఏమి రోడ్డేసినంరా, ఎక్కేటోని పానం వోతది," అన్నాడు.

సోమవారం ముదీర్ కొత్త కాగితం చదివాడు. ఇది కంప్యూటర్‌లో చూసి రాసిందా అని అడిగాడు. నడిచి రాశాడని చెప్పాను. మొత్తమా అన్నాడు. మొత్తం అన్నాను. పెన్ను తీసి కాగితం పై భాగాన రెండు సీసాలు తప్పనిసరి అని పెద్ద అక్షరాల్లో తానే రాసి, దాన్ని నాకు తిరిగిచ్చాడు. "ఇక మీదట ఏ దారైనా ముందు ఇతను నడవాలి. నడిచాకే ప్రింటు," అన్నాడు. మధ్యాహ్నం ఆఫీసు నుంచి పాస్‌పోర్ట్ కాపీ పంపమని ఫోన్ వచ్చింది. వీసాలో ఉద్యోగం పేరు హెల్పర్ అని ఉంది. దానికీ నేను ఏడిపించాను, అలవాటు కదా. ఇప్పుడు లోయల్లో మా దుకాణం వాళ్లు తొక్కే దారులు ఆరు ఉన్నాయి. అన్నీ ఆయన నడిచినవే. గేర్లు మూడు దాకా నేర్చుకున్నాడు. రాంగ్ సైడు మానలేదు.

బావా బామ్మర్దులం. మాలో మాకు కనికరం ఉండదు. నేను చిన్నప్పుడు గేదెకు భయపడి చెట్టెక్కిన సంగతి ఆయన నా పెళ్లిలో మైకులో చెప్పాడు. నలుగురు కూర్చున్న చోట నన్ను అల్లరి చేయడానికి ఏది దొరికినా వదలడు. ఆ శనివారం ముదీర్ వెనక నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న నా ముఖం కన్నా పనికొచ్చేది ఆయనకు ఈ జన్మలో దొరకదు. యాత్ర కథ క్యాంపులో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అక్కకు చెప్పాడు, గెస్టులకు చెప్పాడు, కాగితం తలకిందులు రాసిన తన తెలివిని తానే వెక్కిరించుకుని అందరినీ నవ్వించాడు. ప్రతిసారీ ఆ సైగ దగ్గరికి వచ్చేసరికి నేను తల దించుకుంటాను. ప్రతిసారీ ఆయన దాన్ని దాటేసి ముందుకు పోతాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. అందుకే నేనే చెప్పుకోవలసి వచ్చింది.